వేడినీళ్ల ఊళ్లో పాత గుడి: షుజెన్‌జీయా, బెష్షోనా, కినోసాకీయా, డోగోనా?

జపాన్ చూడ్డానికి వచ్చే మన వాళ్ల ప్లాన్ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. టోక్యో నాలుగు రోజులు, క్యోటో మూడు రోజులు, మబ్బు పట్టకపోతే ఫుజి కొండ. టికెట్లు అయ్యాక ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు: "ఒక రోజు మిగిలింది, ఆన్‌సెన్‌కి వెళ్దామనుకుంటున్నాం. పాత గుడి ఉన్న ఊరైతే చెప్పు. పుణ్యానికి పుణ్యం, స్నానానికి స్నానం." ఆన్‌సెన్ అంటే నేలలోంచి ఊరే వేడినీటి బుగ్గ. దాని చుట్టూ పెరిగిన ఊరినీ అలాగే పిలుస్తారు.

ఆ ఫోన్‌కి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను. ముందు నేనే రెండు ప్రశ్నలు వేస్తాను. మీరు వెళ్లేది గుడి కోసమా, నీళ్ల కోసమా? మీతో వచ్చేవాళ్ల మోకాళ్లు ఎలా ఉన్నాయి? రెండోది నవ్వులాటకు అడిగేది కాదు. ఇక్కడ పాత గుళ్లు చాలావరకు కొండవాలు మీదే ఉంటాయి. రాతిమెట్లు అరిగి, నాచు పట్టి, ఒకదానికొకటి ఎత్తు కలవకుండా ఉంటాయి. పట్టుకోవడానికి రెయిలింగ్ ఉంటే అదృష్టం.

మా అమ్మానాన్నల్ని, తర్వాత చుట్టాల్ని, స్నేహితుల్ని వెంటేసుకుని నేను తిరిగిన ఊళ్లలో నాలుగింటి గురించి చెప్తాను. నాలుగింట్లోనూ గుడీ ఉంది, నీళ్లూ ఉన్నాయి. పాళ్లే తేడా.

మొదటిసారి అయితే షుజెన్‌జీ

టోక్యోకి నైరుతిగా ఉన్న ఇజు ద్వీపకల్పం నడుమ, కత్సురా అనే చిన్న ఏటికి రెండు గట్ల మీదా ఉన్న ఊరు ఇది. షింకన్‌సెన్ అనే బుల్లెట్ రైల్లో మిషిమా దాకా వెళ్లి, అక్కడ ఇజుహకోనే అనే ప్రైవేటు లైన్ ఎక్కితే 35 నిమిషాలు. ఆ లైన్‌కి జేఆర్ (జపాన్ రైల్వేస్) పాస్ చెల్లదు, టికెట్ విడిగా కొనాలి. స్టేషన్ పేరు కూడా షుజెన్‌జీయే కాబట్టి దిగగానే గుడి ఎదురుగా ఉంటుందని అనుకుంటారు. ఉండదు. ఇంకో పది నిమిషాలు బస్సు. మొత్తం రెండు గంటల పైచిలుకు ప్రయాణం. పొద్దున్నే బయల్దేరితే రాత్రికి టోక్యో హోటల్లో ఉండొచ్చు. నాలుగు ఊళ్లలో హడావిడి లేకుండా ఒక్కరోజులో చూసి రాగలిగేది ఇదొక్కటే అని నా లెక్క.

గుడి కథ 807లో మొదలవుతుంది. చైనా వెళ్లి మంత్రయాన బౌద్ధం నేర్చుకుని వచ్చి షింగోన్ శాఖను స్థాపించిన కూకాయ్, అంటే కోబో దైషి, దీన్ని నెలకొల్పాడని చెప్తారు. ఆయన ఇటుగా వచ్చినప్పుడు ఒక కుర్రాడు జబ్బుపడ్డ తండ్రి ఒంటిని చన్నీళ్ల ఏట్లో కడుగుతున్నాడట. చూసి జాలిపడి చేతిలోని వజ్రాయుధంతో రాతిని కొడితే వేడినీళ్లు ఎగదన్నాయట. అర్జునుడు బాణం వేసి భీష్ముడికి పాతాళగంగను తెచ్చిచ్చిన కథ విన్నవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. ఇంద్రుడి చేతిలో ఉండే వజ్రాయుధమే బౌద్ధంలో పూజా పరికరమైంది, ఒకే మొన ఉన్నదాన్ని జపనీయులు టొక్కో అంటారు. ఊరి నడిమధ్యన, ఏట్లోనే, బండరాళ్ల మీద చిన్న పందిరి వేసిన బుగ్గ కనిపిస్తుంది. పేరు టొక్కో-నో-యు. అందులో దిగి స్నానం చెయ్యనివ్వరు. ఫోటోలు చూసి తువ్వాలు పట్టుకుని వచ్చినవాళ్లు ఉత్త చేతులతో వెనక్కి పోతారు. కాళ్లు పెట్టుకోవాలంటే ఏటి పక్కన వేరే పాదస్నానం ఉంది, డబ్బులు అక్కర్లేదు.

ఇంకో సంగతి. షింగోన్ గురుపరంపరలో నాగార్జునుడు ఒకరు. వాళ్ల మూల బుద్ధుడు మహావైరోచనుడి నుంచి వజ్రసత్త్వుడు, ఆయన నుంచి నాగార్జునుడు, అలా దిగుతూ కూకాయ్ దాకా వస్తుంది. దక్షిణ భారతంలో ఒక ఇనుప స్తూపం తలుపులు తెరిపించి నాగార్జునుడు ఆ బోధ అందుకున్నాడని వాళ్ల గాథ. ఆ స్తూపం మన అమరావతే అయ్యుండొచ్చని ఊహించిన పండితులూ ఉన్నారు. గుంటూరు నుంచి వచ్చిన మా బాబాయికి ఈ మాట చెప్పాక ఆ గుడిలో ఆయన నడక తీరే మారిపోయింది.

ఇప్పుడు మాత్రం అది షింగోన్ గుడి కాదు, 15వ శతాబ్దం చివరి నుంచి సోతో జెన్ శాఖది. ఊరి పేరునీ గుడి పేరునీ ఒకేలా పలుకుతారు కానీ రాతలో నడిమి అక్షరం వేరు. గుడి పేరులో ఉన్నది 'జెన్', అంటే మన ధ్యానం. ఊరి పేరులో ఉన్నది 'మంచి'.

గుడి పెద్దదేం కాదు. కొద్దిపాటి మెట్లు, ఒక ద్వారం, ఆవరణ, చెక్క ప్రధానమందిరం. అరగంటలో అయిపోతుంది. లోపలికి వెళ్లేముందు చేతులు కడుక్కునే తొట్టి దగ్గర మాత్రం ఆగండి. ఏ గుళ్లోనైనా ఆ నీళ్లు చలికాలంలో వేళ్లు కొంకర్లు పోయేంత చల్లగా ఉంటాయి. ఇక్కడ గోరువెచ్చగా ఉంటాయి, బుగ్గ నీళ్లు కాబట్టి. జనవరిలో మా అమ్మ చేతులు కడుక్కుంటూ కడుక్కుంటూ అక్కడే నిలబడిపోయింది. వెనక క్యూ పెరుగుతుంటే నేనే పక్కకు జరిపాను.

ఏరు దాటి అవతలి గట్టుకు వెళ్తే అసలు చరిత్ర ఉంది. కామకురా అనే యోధుల ప్రభుత్వంలో రెండో షోగన్, అంటే సైనిక పాలకుడు, మినమోతో నో యోరీయే. తల్లి హోజో మసాకో. పుట్టింటి హోజోలు అధికారం చేజిక్కించుకుని అతన్ని ఈ ఊళ్లో నిర్బంధించారు. 1204లో ఇక్కడే చంపించారు, స్నానం చేస్తుండగా అని చెప్పుకుంటారు. కొడుకు ఆత్మశాంతికి మసాకో కట్టించిన మందిరమే షిగెత్సుదెన్. ఇజులో ఉన్న చెక్క కట్టడాల్లో ఇదే పాతదంటారు. పక్కనే యోరీయే సమాధి. అటు పుట్టిల్లు, ఇటు కొడుకు. ఆ గడప ముందు నిలబడితే గాంధారి గుర్తురాక మానదు. లోపలి శాక్యముని చేతిలో తామర ఉంటుంది. గుడి దగ్గర కనిపించే జనంలో సగం మంది కూడా ఇటు రారు, వెదురుతోపులో ఫోటోలు దిగి వెళ్లిపోతారు. వెదురుతోపు బాగుంటుంది, కాదనను. కానీ ఇంత దూరం వచ్చి షిగెత్సుదెన్ చూడకపోతే ఎలా?

ప్రధాన మూర్తి మహావైరోచనుడిది, జపనీయుల మాటలో దైనిచి. జిక్కెయ్ అనే శిల్పి 1210లో చెక్కాడు. దాన్ని ఏడాది పొడుగునా చూడనివ్వరు, నవంబర్ మొదట్లో కొద్దిరోజులే బయటికి చూపిస్తారు. అదే మేపుల్ ఆకులు ఎర్రబడే ముందు సమయం. మూర్తి కావాలంటే నవంబర్ మొదటి వారం, ఎర్రాకులు కావాలంటే నెలాఖరు. రెండూ ఒకే ట్రిప్పులో కుదరడం కష్టం.

లోటు ఏమిటంటే, నీళ్ల విషయంలో ఈ ఊరు కాస్త పిసినారి. మంచి స్నానాలన్నీ బసల లోపల ఉంటాయి. బయటివాళ్లకు హకోయు అనే చిన్న స్నానశాల ఉంది, అంతే.

గుడే ముఖ్యమైతే బెష్షో

నన్ను నిద్రలో లేపి అడిగినా ఈ పేరే చెప్తాను. కాకపోతే అందరికీ సరిపడే ఊరు కాదు.

నాగానో ప్రాంతంలో ఉఎదా దాకా షింకన్‌సెన్, టోక్యో నుంచి గంటన్నర. అక్కడ్నించి రెండు పెట్టెల చిన్న రైలు, పొలాల మధ్య అరగంట. ఆ రైలు ఊరు దాటగానే చికుమా నది మీద ఎర్ర ఇనుప వంతెన వస్తుంది. 2019 అక్టోబర్ తుపానుకు దాని ఒక చివర కూలిపోయింది. 2021 మార్చిలో మళ్లీ రైలు నడిచింది. చివరి స్టేషనే బెష్షో ఆన్‌సెన్.

ఇక్కడ అన్‌రాకుజీ అనే జెన్ గుడి వెనక, దేవదారు చెట్ల మధ్య ఎనిమిది మూలల చెక్క గోపురం ఉంది. 13వ శతాబ్దం చివరిది. జపాన్‌లో మిగిలిన ఎనిమిది మూలల చెక్క గోపురం ఇదొక్కటే, జాతీయ నిధుల జాబితాలో ఉంది. కింద నిలబడి కప్పులు లెక్కపెడితే నాలుగు వస్తాయి, బోర్డు మీద మాత్రం మూడంతస్తులని రాసి ఉంటుంది. అన్నిటికన్నా కిందది అంతస్తు కాదట, చుట్టూ వేసిన వసారా. కప్పు కింద దూలాలు చతురస్ర గోపురాల్లోలాగా సమాంతరంగా పోవు. నడిమి నుంచి గొడుగు పుల్లల్లా విచ్చుకుంటాయి. మూల దగ్గర మెడ వంచి పైకి చూస్తూ ఉండండి, కాసేపటికి ఆ చెక్క బరువే తెలియదు. చుట్టూ సమాధులు, నాచు, చెట్ల మీంచి నీటిచుక్కలు. నేను వెళ్లిన రెండుసార్లూ గోపురం దగ్గర నాతో కలిపి నలుగురైదుగురు మించలేదు.

మోకాళ్ల సంగతి ఇక్కడే. గోపురం దగ్గరికి మెట్లు నిటారుగా ఉంటాయి, మంచు పడితే జారుడు. మా నాన్న ఎక్కారు. అమ్మ కింద తోటలో కూర్చుంది.

అమ్మకు దక్కింది కితముకి కన్నోన్. కన్నోన్ అంటే అవలోకితేశ్వరుడు, ఇక్కడ వెయ్యి చేతుల రూపం. పేరులోనే ఉంది, ఉత్తరం వైపు చూసే గుడి అని. మామూలుగా గుళ్లు దక్షిణం చూస్తాయి. ఇది ఉత్తరాన ఉన్న నాగానో నగరపు జెన్‌కోజీ గుడికి ఎదురుగా చూస్తుంది. ఇక్కడ మొక్కుకుంటే ఇహం, అక్కడ మొక్కుకుంటే పరం. ఒక్కటే చూసి వెళ్లిపోతే దాన్ని 'కతమైరి' అంటారు, సగం యాత్ర అని. సింహాచలం వెళ్లి అన్నవరం వెళ్లకపోతే మన పెద్దవాళ్లకు ఉండే వెలితి లాంటిదే. ఉఎదా నుంచి నాగానోకి షింకన్‌సెన్‌లో పావుగంట కూడా పట్టదు కాబట్టి మర్నాడు పొద్దున రెండోది చూసుకోవచ్చు. ఇక్కడి చేతుల తొట్టిలోనూ బుగ్గ నీళ్లే వస్తాయి, గంధకం వాసనతో. షుజెన్‌జీ చూసినవాళ్లకు పోల్చుకోవడం సరదాగా ఉంటుంది. ఇక్కడ వేడి ఎక్కువ అని మా అమ్మ తీర్పు.

స్నానాలు చవక. ఓయు, ఇషియు, దైషియు అని ఊరుమ్మడి స్నానశాలలు మూడు. హంగులేమీ ఉండవు. ఊళ్లో ముసలమ్మలు సబ్బుపెట్టె పట్టుకుని వస్తారు. రాత్రి ఎనిమిది దాటితే వీధిలో కుక్క కూడా ఉండదు. షాపింగ్ కావాలనే పిల్లల్ని ఇక్కడికి తీసుకెళ్తే మిమ్మల్ని జన్మలో క్షమించరు.

నీళ్లే ముఖ్యమైతే కినోసాకీ

క్యోటో నుంచి నేరుగా వెళ్లే ఎక్స్‌ప్రెస్‌లో రెండున్నర గంటలు, జపాన్ సముద్రం వైపు. జేఆర్ రైలే, పాస్ చెల్లుతుంది. ఊరి నడుమ కాలువ, గట్టు పొడుగునా విల్లో చెట్లు, ఏడు బహిరంగ స్నానశాలలు. రాత్రి బస చేసేవాళ్లకు ఏడింటికీ ఉచిత పాస్ ఇస్తారు. బసలోనే యుకాత అనే నూలు అంగీ, చెక్క చెప్పులు ఇస్తారు. అవి వేసుకుని ఒక స్నానశాల నుంచి ఇంకోదానికి తిరగడమే ఇక్కడి పని. ఊరంతా టకటకమని చెప్పుల చప్పుడు. మొదటి గంట సరదాగా ఉంటుంది, రెండో గంటకి బొటనవేలి సందులో ఒరుసుకుపోతుంది. బొబ్బల ప్లాస్టర్ జేబులో వేసుకోండి.

ఇంత నీళ్ల సంబరంలో గుడిని అందరూ మర్చిపోతారు. నాకు బాధ అనిపించేది అదే, ఎందుకంటే ఈ ఊళ్లో నీళ్లకు మూలమే గుడి. దోచి అనే సన్యాసి రోగుల కోసం వెయ్యి రోజులు జపం చేస్తే 720లో బుగ్గ పుట్టిందని కథ. ఆయనే 738లో ఒన్‌సెన్‌జీ స్థాపించాడంటారు. పేరుకి అర్థం కూడా వేడినీటి బుగ్గ గుడి అనే. పూర్వం ఇక్కడికి వచ్చినవాళ్లు ముందు గుడికెళ్లి దండం పెట్టుకుని, అక్కడ ఇచ్చిన గరిటె తీసుకుని గానీ నీళ్లలో దిగేవాళ్లు కాదట. దర్శనం ముందు, స్నానం తర్వాత. మన పద్ధతికి తిరగేసి అన్నమాట.

గుడి కొండ మీద ఉంది. మెట్లదారి పొడుగే, కానీ రోప్‌వే మధ్యలో గుడి దగ్గర ఆగుతుంది, పెద్దవాళ్లకు ఇబ్బంది లేదు. ప్రధాన మూర్తి పదకొండు ముఖాల కన్నోన్. 33 ఏళ్లకోసారి తలుపులు తెరిచి మూడేళ్లు చూపిస్తారు. పోయినసారి 2018లో తెరిచారు. కాబట్టి మూలమూర్తి మీద ఆశ పెట్టుకుని ఎక్కొద్దు. 14వ శతాబ్దపు ప్రధానమందిరం కోసం, పైనుంచి కనిపించే ఊరి కోసం ఎక్కండి. 1925 భూకంపంలో, ఆ వెంటనే రేగిన మంటల్లో కింద ఊరు నాశనమైంది. ఇప్పుడు పాతకాలపు అందం అని మనం మురిసిపోయే వీధులు ఆ తర్వాత కట్టుకున్నవే.

మన వాళ్లకు కినోసాకీలో ఇంకో సౌకర్యం ఉంది, ముందు నాకూ తట్టలేదు. జపాన్‌లో చాలా స్నానశాలలు పచ్చబొట్టు ఉన్నవాళ్లను రానివ్వవు. అది రౌడీ ముఠాల గుర్తు అని పాత భయం. మా అమ్మమ్మ ముంజేతి మీద ఉండే చుక్కల పచ్చబొట్టు ఇక్కడ అలాంటి బోర్డు ముందు ఎలా కనిపిస్తుందో ఆలోచించండి. కినోసాకీ ఏడు స్నానశాలల్లో ఆ పట్టింపు లేదు.

నవంబర్ నుంచి మార్చి దాకా పీతల కాలం. అప్పుడు గదుల ధర రెట్టింపైనా ఆశ్చర్యపోకండి. పీతలు తినేవాళ్లకు పండగ. తిననివాళ్లు జూన్‌లోనో అక్టోబర్‌లోనో వెళ్తే డబ్బులు మిగులుతాయి.

షికోకు దాకా వెళ్తే డోగో

టోక్యో, క్యోటోలకే పరిమితమైన ట్రిప్పులో డోగోని ఇరికించొద్దు. ఇది మత్సుయామ నగరంలో, షికోకు దీవిలో ఉంది. హిరోషిమా చూసేవాళ్లయితే అక్కడి నుంచి పడవ ఉంది, అప్పుడు బాగా కుదురుతుంది. స్నానశాల 1894 నాటి మూడంతస్తుల చెక్కమేడ. ఏళ్ల తరబడి మరమ్మతులు జరిగి, 2024 జూలైలో పూర్తిగా తెరిచారు.

అక్కడి నుంచి ఇరవై నిమిషాలు నడిస్తే ఇషితెజీ, షికోకు 88 గుళ్ల యాత్రలో 51వది. దారి చదునుగా ఉంటుంది. 1318 నాటి ద్వారం జాతీయ నిధి. మిగిలిన మూడు గుళ్లలో నిశ్శబ్దం ఉంటే ఇక్కడ సందడి ఉంటుంది: తెల్లబట్టల యాత్రికులు, సాంబ్రాణి పొగ, అమ్మకానికి పిండివంటలు, వెనక చీకటి సొరంగం. మన క్షేత్రాల వాతావరణానికి అన్నిటికన్నా దగ్గరగా ఉండేది ఇదే.

పేరుకి అర్థం రాతిచేతి గుడి. ఎమోన్ సబురో అనే ధనికుడు భిక్షకు వచ్చిన కూకాయ్‌ని గెంటేశాడు. తర్వాత పిల్లలు ఎనిమిది మందీ వరుసగా పోయారు. పశ్చాత్తాపంతో ఆయన్ని వెతుకుతూ దీవి చుట్టూ ఇరవైసార్లు తిరిగినా దొరకలేదు. ఇరవై ఒకటోసారి ఎదురుదిక్కున నడిచి కలుసుకున్నాడు, ఆయన చేతుల్లోనే ప్రాణం విడిచాడు. కొన్నాళ్లకు ఆ ప్రాంతపు దొర ఇంట్లో గుప్పిట మూసుకుని ఒక బిడ్డ పుట్టాడు. గుప్పిట విప్పితే రాయి, దాని మీద ఎమోన్ సబురో పేరు.

ఇక్కడే పిల్లల్ని కాచే బౌద్ధ దేవత హారితి మందిరం కూడా ఉంది. గర్భిణులు ఒక రాయి తీసుకెళ్లి, సుఖంగా కాన్పయ్యాక రెండు తెచ్చి పెడతారు. హారితి మనకు కొత్త కాదు, నాగార్జునకొండలో ఆమె గుడి తవ్వకాల్లో బయటపడింది.

మిససా అనే ఇంకో వేడినీళ్ల ఊరి గురించి కూడా అడుగుతుంటారు, కొండచరియలో అతికించినట్టుండే నగెయిరెదో మందిరం ఫోటో చూసి. అది దర్శనం కాదు, కొండ ఎక్కడం. ఒంటరిగా వెళ్లనివ్వరు, బూట్ల అడుగు చూసి గానీ పంపరు, వాన పడితే మూసేస్తారు. పెద్దవాళ్లతో అసలు వద్దు.

ఎక్కడికి వెళ్లినా

స్నానం బట్టలు లేకుండానే. ఆడవాళ్లకు వేరు, మగవాళ్లకు వేరు. ముందు బయట కూర్చుని ఒళ్లు శుభ్రంగా కడుక్కుని, అప్పుడు తొట్టిలో దిగాలి. ఇది వినగానే మన ఇళ్లలో సగం మంది వెనక్కి తగ్గుతారు. వాళ్ల కోసం చాలా బసల్లో కషికిరి అని గంట లెక్కన కుటుంబానికి ప్రత్యేకంగా ఇచ్చే గది ఉంటుంది. బుక్ చేసేటప్పుడే అడగండి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు ఎక్కువసేపు ఉండొద్దు, లేచేటప్పుడు మెల్లగా లేవాలి.

గుళ్లో చప్పట్లు కొట్టకూడదు, అది జపాన్ సొంత మతమైన షింతో మందిరాల పద్ధతి. నాణెం వేసి చేతులు జోడిస్తే చాలు. చిల్లర ఉంచుకోండి, కార్డులు అన్నిచోట్లా నడవవు.

తిండి దగ్గరే అసలు టెన్షన్. ఓసారి ఒక బసలో "మాంసం తినం" అని జపనీస్‌లో చెప్పి ధీమాగా కూర్చున్నాను. పన్నెండు చిన్న గిన్నెలు వచ్చాయి, తొమ్మిదింటిలో చేప. తప్పు వాళ్లది కాదు, ఇక్కడ మాంసం అనే మాటలోకి చేప రాదు. మాంసం, చేప, రొయ్య, పీతలతో పాటు దాషి కూడా వద్దని చెప్పాలి. దాషి అంటే చాలావరకు ఎండుచేప మరిగించిన నీళ్లు, సోబా నూడుల్స్ ముంచుకునే రసంలో కూడా అదే ఉంటుంది. నాలుగైదు రోజుల ముందే చెప్తే కొన్ని బసలు శాకాహారం చేసిపెడతాయి. కుదరదని చెప్తే బాధపడకండి, భోజనం లేకుండా గది మాత్రమే తీసుకోండి. నిమ్మకాయంత ఊరగాయ, కందిపొడి ప్యాకెట్టు పెట్టెలో ఉంటే, స్టేషన్ దగ్గర అన్నం కొనుక్కోవచ్చు. భోజనంతో బుక్ చేసుకుంటే మాత్రం సాయంత్రం ఆరు లోపల చేరండి. ఏడున్నరకి వెళ్లి "ఏమైనా ఉందా" అని అడిగితే, ఎంతో మర్యాదగా వంగి మరీ లేదంటారు.